ఒక్క చుట్టు, ఒక్క మాట

గురువారం ఓటు. స్కాట్లాండ్ విడి దేశం కావాలా, లండన్ మాట మీదే నడవాలా, ఆ రోజే తేలుతుంది. దీవిలో ఆ ఊరికి నలభై మూడు ఓట్లు. ఇరవై ఒకటి అటు, ఇరవై ఒకటి ఇటు. మిగిలింది ఇష్బెల్.

ఇష్బెల్ టోర్కిల్‌కి మరదలు. అతని భార్య మోరేగ్ ముప్పై ఏళ్లు విడి దేశం కావాలంటూ వానలో ఇల్లిల్లూ తిరిగింది. ఓటు రాకముందే, ఆరేళ్ల కిందట పోయింది. ఆమె సొంత చెల్లెలే ఎటూ తేల్చకపోవడం టోర్కిల్‌కి కడుపుమంట. నాలుగు కాగితాల నిండా వాదన రాసుకుని శనివారం సాయంత్రం ఊరి హాలుకి వచ్చాడు. మోరేగ్ పోయాక అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు.

చర్చ అరగంటకే కేకలైంది. ఇష్బెల్ లేచి, మూల కూర్చున్న ఫిడేలు వాయించే అతనికి సైగ చేసింది.

"అరుపులాపి, పెళ్లిళ్లలో ఆటకి నిలబడ్డట్టు వరసల్లో నిలబడండి. అవునన్నవాళ్లు ఇటు, కాదన్నవాళ్లు అటు. మోచెయ్యి కలిపి ఒక్కొక్కరూ నన్ను ఒక్క చుట్టు తిప్పాలి. ఆ చుట్టులోనే ఒక్క మాట. నా ఓటు కావాలంటే అంతే."

"నా దగ్గర నాలుగు కాగితాలున్నాయి," అన్నాడు టోర్కిల్.

"అయితే గబగబా తిరుగు బావా."

ఫిడేలు అందుకుంది. ఇష్బెల్ ఈ చేతి నుంచి ఆ చేతికి బొంగరంలా పోతోంది.

"మనం ఓటేసేది ఒకరికి, లండన్‌లో గద్దెక్కేది ఇంకొకరు," అంది ఉత్తరాలు పంచే ఆవిడ.

"పౌండు పోతే రేపు రొట్టె ఏ డబ్బుతో కొంటావే?" అన్నారు ఎదుటి వరసలో.

"అణుబాంబుల పడవలు వాళ్లవి, కట్టేసేది మన వాకిట్లో."

"మా అమ్మాయి ఇంగ్లండ్‌లో, కార్లైల్‌లో ఉంది. దాన్ని చూడ్డానికి పాస్‌పోర్టా?"

బూట్లు దడదడలాడాయి. ఏ మాట ఎవరిదో తెలియకుండా పోయింది. తిట్టుకున్నవాళ్లే నవ్వుతున్నారు.

చివర్న హెక్టర్, ఎదురుగా టోర్కిల్. హెక్టర్ పక్కింటివాడు. మోరేగ్‌ని మట్టిచేసిన రోజు పీతల వేటకి వెళ్లాడు. ఆరేళ్లుగా టోర్కిల్ అతనితో మాట్లాడలేదు.

"ఇంగ్లండ్‌తో మూడొందల ఏళ్ల కాపురం. ఇప్పుడు విడాకులేంటమ్మా," అని హెక్టర్ ఆమెను తిప్పి వదిలాడు.

టోర్కిల్ ఒక చేత్తో కాగితాలు పట్టుకునే రెండో మోచెయ్యి కలిపాడు.

"మన కాళ్ల మీద మనం..."

ఆరేళ్లుగా ఆడని కాళ్లు. ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. కాగితాలు పైకెగిరాయి. టోర్కిల్ రెండు చుట్లు తనే తిరిగి వెళ్లి హెక్టర్ మీద పడ్డాడు. ఇద్దరూ నేల మీద. ఫిడేలు ఆగింది.

"చూశారుగా నిలబడ్డం," అన్నాడు కింద నుంచి హెక్టర్. "నేను లేకపోతే వీడి నడుం విరిగేది. కలిసుందామనేది అందుకే."

"నన్నెవరైనా తోశారా ఇష్బెల్? నా అంతట నేను పడ్డాను. నా అంతట నేను లేస్తాను. అదే నా వాదన."

హెక్టర్ ముందు లేచి చెయ్యి చాచాడు. టోర్కిల్ ఆ చెయ్యి అందుకోలేదు. బల్ల పట్టుకుని లేచాడు. మోకాళ్లు పటపటమన్నాయి. హాలంతా ఆగి చూసింది.

ఇష్బెల్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "అక్క ముప్పై ఏళ్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు. ఇప్పుడెక్కింది. నా ఓటు మీ వైపే బావా. అయితే ఇంకో చుట్టు తిప్పాలి. పడకుండా."

టోర్కిల్ కాగితాలు ఏరి హెక్టర్ చేతిలో పెట్టాడు.

"చదువుకో," అన్నాడు. ఆరేళ్లలో అతనితో అన్న మొదటి మాట.

తర్వాత ఇష్బెల్ వైపు మోచెయ్యి చాచాడు.