జవాబు రాని ఉత్తరాలు

అయిదు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి ఒప్పందం మీద సంతకాలు చేసిన రోజున డైరెక్టరు గారు లైబ్రరీ అంతటికీ టీ ఇప్పించారు. ఇకమీదట ఏ పరిశోధనా బీరువాల్లో మగ్గదు. ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఉచితంగా చదువుకోవచ్చు. థీసిస్ సెక్షన్ చూసే ఆవిడకు ఆ మాట మనస్ఫూర్తిగా నచ్చింది. చదవాలని ఆశపడి వచ్చినవాళ్ళను నిబంధనలు చూపించి వెనక్కి పంపడం ఇరవయ్యేళ్ళుగా ఆవిడ ఉద్యోగం.

"తాళాల గుత్తి వదిలింది మేడమ్, మీ నడుం తేలికపడుతుంది," అన్నారు డైరెక్టరు గారు.

"కళ్ళ మీద పడుతుంది లెండి ఆ బరువు. అంతా స్క్రీను మీదేగా."

పాత థీసిస్‌లు బయట పెట్టాలంటే రాసినవాళ్ళు ఒప్పుకోవాలి. రెండు నెలల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. కంప్యూటరే చిరునామాలు అచ్చేసిన ఆరువందల ఉత్తరాలు ఆవిడ పంపింది. జవాబు రానివీ, చిరునామా మారి తిరిగొచ్చినవీ ఒకే జాబితాలో చేర్చింది. జాబితాలో పేర్లుండవు, పుస్తకం నంబర్లే. ఆ సెక్షన్‌లో ఏ పనైనా నంబర్లతోనే. పేజీ తర్వాత పేజీ సంతకం పెట్టుకుంటూ పోయింది.

ఏ థీసిస్ ఎందరు, ఏ ఊళ్ళనుంచి చదివారో చెప్పే నెలాఖరు నివేదికలో మొదటిసారి నంబర్ల పక్కన పేర్లు వచ్చాయి. 'ఇల్లు విడిచిన ఆడవాళ్ళు' అన్న థీసిస్ దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

ఎనిమిదేళ్ళ కిందట అది రాసిన పరిశోధకురాలిని తన చెల్లెలి దగ్గరికి తీసుకెళ్ళింది తనే. భర్త కొట్టే దెబ్బలకు చంటిపిల్లను చంకనేసుకుని వచ్చేసిన చెల్లెలు నోరు విప్పనంది. "చెప్పవే, ఆ పుస్తకం నా బీరువాలోనే ఉంటుంది, తాళం నా దగ్గరే," అని నచ్చజెప్పింది. అప్పుడు చెప్పింది చెల్లెలు.

పుస్తకం తెరిచింది. పేరు లేదు, 'పదకొండో మహిళ' అని ఉంది. కానీ ఎడమచేతి మీద కాలిన మచ్చ ఉంది. ఏ ఊరి నుంచి ఏ ఊరికి పారిపోయిందో ఉంది. బస్ డిపో వెనక గదిలో స్కూలు యూనిఫారాలు కుడుతుందని ఉంది. ఇప్పటికీ అక్కడే కుడుతోంది.

నివేదిక ప్రకారం నలుగురు చదివారు. అందులో ఒకరు చదివిన చోటు చెల్లెలి అత్తగారి ఊరు.

డైరెక్టరు గారు అంతా విని కళ్ళజోడు తీశారు. "మన దగ్గర ఇప్పుడే తీసేద్దాం. మిగతా నాలుగు దేశాల్లో కాపీలున్నాయి కదమ్మా. వాళ్ళ కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. దరఖాస్తు పెట్టండి."

సాయంత్రం చెల్లెలు మిషను ఆపకుండానే విన్నది.

"ఆయనేనంటావా?"

"ఊరు మాత్రమే తెలుస్తుంది. ఎవరన్నది తెలీదు."

"ఆ ఊళ్ళో థీసిస్‌లు చదివేవాళ్ళు ఎంతమందున్నారులే అక్కా." దారం కొరికి తెంపింది. "పేపరు తిరగేసేవాళ్ళే లేరు."

"నాలుగు రోజులు పిల్లను తీసుకుని మా ఇంటికి రావే. బావ కూడా రమ్మన్నారు."

"నాలుగు రోజుల తర్వాత? పిల్లకు పరీక్షలు. రెండొందల చొక్కాలు ఒప్పుకున్నాను. అప్పుడంటే చంకనెత్తుకుని పరిగెత్తాను. ఇప్పుడది నా భుజాల దాకా ఉంది." అక్క మొహం చూడకుండా అంది. "నువ్వు చెప్పావనే చెప్పాను."

ఆవిడ గుండీలు ఏరుతూ కూర్చుంది.

మర్నాడు సెక్షన్‌లో కుర్చీ కూడా లాక్కోకుండా, విదేశాల కాపీలు చదివినవాళ్ళ లెక్క తెరిచింది. అయిదో పాఠకుడు. పొద్దున్న ఏడున్నరకు. చదివిన చోటు తమ ఊరే.

చెల్లెలికి ఫోన్ చేసింది. "పొద్దున్న నువ్వేమైనా ఆ పుస్తకం తెరిచి చూశావా?"

"నాకెక్కడ తీరింది అక్కా. పిల్లను బడికి పంపి, ఇప్పుడే షట్టరు తీశాను."

"వెంటనే దించెయ్. తాళం వేసి మా ఇంటికి వచ్చెయ్."

"ఉండు, బయట ఎవరో నిలబడ్డారు. కొలతలకేమో," అంది చెల్లెలు. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడయింది.

ఆవిడ చెల్లెల్ని పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది. అటునుంచి, తిరుగుతున్న ఫ్యాను చప్పుడొక్కటే వినిపిస్తోంది.