ముల్లు దిగినా తీయని తలుపు

దేవిశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తన మొగుడు కోటి ఆ తలుపు తీస్తాడని.

మల్కాపురం దాటాక, పోర్టు లారీల పాత టైర్లకు కొత్త రబ్బరు అతికించే షెడ్డు ఉంది. టైర్లను ఇనప ఛాంబర్‌లో పెట్టి, తలుపు బోల్టులు బిగించి, వేడిగాలితో ఉడికిస్తారు. లోపలి వేడి చూపించే మీటరు చెడిపోయి చాన్నాళ్లయింది. గాలి ఒత్తిడి ముల్లు దిగితే వేడీ దిగినట్టేనని తీసెయ్యమంటాడు యజమాని అచ్యుతరామయ్య. మొన్న ఎల్లారావు అలాగే తీశాడు. సెగ మొహాన కొట్టింది. ఆస్పత్రికి చేరకముందే పోయాడు. చంటిదాన్ని చంకనేసుకుని అన్నం తెచ్చిన దేవిశ్రీ అదంతా కళ్లారా చూసింది.

ఈసారి బోల్టులు విప్పే పానా కోటి చేతికిచ్చారు.

ముల్లు కిందికొచ్చేసింది. కానీ వేడి తగ్గి కాదు, తలుపు చుట్టూ రబ్బరు చిరిగి గాలి బుస్సుమని కారిపోతోంది. ఎల్లారావు తల్లి పోతమ్మ, దేవిశ్రీ, పనిచేసే ఆడవాళ్లు అడ్డంగా నిలబడ్డారు.

"ముల్లు దిగిపోయింది కదమ్మా, జరగండి," అన్నాడు అచ్యుతరామయ్య.

"కుక్కర్ రబ్బరు సిరిగితే ఆవిరి పోతాది బాబూ," అంది టైర్లు తుడిచే నూకాలు. "లోపల పప్పు సల్లారిపోతాదేటి? తవఁరెప్పుడైనా వంటింట్లోకెల్తే కదా."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు అచ్యుతరామయ్య. "తెలుసు. చల్లారేదాకా కూర్చుంటే లారీలెవడు పంపిస్తాడు?"

తెలియక చేయిస్తున్నాడనుకుని ఇన్నాళ్లూ మీటరు కోసం బతిమాలారు. తెలిసే ఎల్లారావును అక్కడ నిలబెట్టాడు. పోతమ్మ వచ్చి కోటికీ తలుపుకీ మధ్య నిలబడింది.

"ఇంకేటి మావా," అంది దేవిశ్రీ. "కిందెట్టీ."

"పని పోతాదే. పిల్లకి పాలో?"

"నువ్వు పోతే పాలెవరు తెత్తారు?"

కోటి పానా కింద పెట్టాడు. పక్కనున్న సింహాద్రి చేతిగుడ్డలు విప్పి దాని మీద పడేశాడు. "నానూ తియ్యను బావా." మోటారు దగ్గరివాళ్లు, టైర్లు దొర్లించేవాళ్లు, లోడెత్తేవాళ్లు వచ్చి ఆడవాళ్ల పక్కన చేరారు.

అచ్యుతరామయ్య కబురు పెడితే పోలీసులొచ్చారు. ముందు పని ఆపిందెవరని అడిగారు. "అందరం," అన్నారు. అచ్యుతరామయ్య వేలు కోటిని చూపించింది. కోటిని ఎక్కించుకుపోతున్న జీపు వెనక దేవిశ్రీ రోడ్డుదాకా పరిగెత్తింది.

మర్నాడు ఛాంబర్ పూర్తిగా చల్లారాక పనివాళ్లే తీశారు. ఎవరికీ చిన్న బొబ్బ కూడా రాలేదు. మీటరు పెట్టేదాకా, కోటిని వదిలేదాకా ఒక్క టైరూ ఎక్కదని గేటు ముందు కూర్చున్నారు. ఈ పూటకీ అక్కడే ఉన్నారు.

దేవిశ్రీ స్టేషన్‌కి వెళ్తే, అలాంటివాడు ఇక్కడ లేడంటున్నారు. ఒంటరి ఆడదానికి అంతకుమించి చెప్పరు. ఇది చదువుతున్న అన్నల్లారా, అక్కల్లారా, మీరు పదిమంది కలిసి వెళ్లండి. మాటతో సరిపెట్టుకోకండి, కోటిని కళ్లతో చూడండి. తన కాళ్ల మీద నిలబడగలుగుతున్నాడో లేదో వచ్చి ఆమెకు చెప్పండి.