తాడు లేని లాగుడు

పొద్దున్నే రేవులో కాఫీ కొట్టు ముందు కూర్చుని, పవాంగ్ అని అంతా పిలిచే వేట పడవ పెద్ద బుర్హాన్ గ్లాసు ఎత్తాడో లేదో, చెయ్యి దానంతటదే ఊగి కాఫీ కాస్తా లుంగీ పాలైంది.

"రొఫికాకి ఏదో నవ్వొచ్చినట్టుంది," అన్నాడు కొట్టువాడు గుడ్డ అందిస్తూ.

నిజమే. అవతల ఇసుకలో చిన్న చేపలు ఎండబోస్తున్న రొఫికా, పవాంగ్ భార్య నుర్మాలా చెప్పిన కబురేదో విని పడీపడీ నవ్వుతోంది.

"ఏయ్ పిల్లా! నా కాఫీ అయ్యేదాకా కాస్త ఏడుపు మొహం పెట్టుకుని కూర్చోవే!"

"పిన్ని నోరు తెరవకముందే తాగెయ్యాలి బాబాయ్!"

రెండేళ్ళ కిందట తనవాళ్ళ గుంపుతో బర్మా నుంచి పారిపోతూ, చెడిపోయిన పడవలో ఇండోనేషియాలోని ఈ ఆచే తీరానికి కొట్టుకొచ్చిన రొహింగ్యా పిల్ల ఆమె. పవాంగ్ విసిరిన తాడు పట్టుకుని గట్టెక్కింది. వచ్చినవాళ్ళందరికీ ఊరివాళ్ళు రేవు పక్క షెడ్డులో చోటిచ్చారు. తాడు తీసేశారు గానీ, లాగుడు మిగిలిపోయింది. ఆమె చెయ్యి కదిపితే అతని చెయ్యి కదిలేది, అతని చెయ్యి వణికితే ఆమెకి తెలిసేది. ఊళ్ళో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. కొట్టువాడు పవాంగ్ గ్లాసు సగమే నింపడం అలవాటు చేసుకున్నాడు, అంతే.

ఆమె ఒడ్డెక్కిన నాడే, ఊరి ఆనవాయితీ ప్రకారం నెత్తిన బియ్యం, చన్నీళ్ళు చల్లి, పసుపన్నం ముద్ద నోట్లో పెట్టి, పవాంగ్ అందరూ వింటుండగా అన్నాడు: "ఇక నువ్వు మా ఇంటి పిల్లవి. నిన్ను మళ్ళీ నీళ్ళపాలు చెయ్యను." తమ్ముణ్ణి ఆ నీళ్ళలోనే పోగొట్టుకున్న రొఫికా ఆ మాట పట్టుకునే బతికింది.

తర్వాత రాజధానిలో చట్టం మారింది. సముద్రం మీద వచ్చినవాళ్ళు ఇక శరణార్థులు కారట, చొరబాటుదార్లట. వాళ్ళకి నీడనిచ్చిన ఊరికి వేట పర్మిట్లు రద్దట, పడవలు జప్తట. నిన్నటిదాకా కూర గిన్నెలు పట్టుకొచ్చిన అమ్మలక్కలు ఒక్కసారిగా షెడ్డు దారి మర్చిపోయారు. నుర్మాలా కూడా రొఫికా పిలిస్తే వినబడనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

ఓ ఉదయం పవాంగే షెడ్డుకి వచ్చాడు. "పక్క రేవులో మీకు ఇళ్ళు కట్టారమ్మా. మీ పాత పడవ బాగు చేయించాం. నా పడవకి కట్టుకుని నేనే దింపొస్తా."

"ఏమో పిల్లా, నాకు మనసొప్పడం లేదు," అంది షెడ్డులో ఓ ముసలమ్మ.

"చెప్పింది ఎవరనుకున్నావ్? మా బాబాయ్!" అని రొఫికా ఆవిణ్ణి కసిరింది. ఒక్కొక్కరినీ తనే చెయ్యి పట్టి పడవెక్కించింది.

పడవ కదిలాక ఆమె మణికట్టు వణకసాగింది. ఇంజను అదురేమో అనుకుంది. తమ పడవ ఇంజను అసలు వెయ్యనేలేదని తట్టేసరికి, ఒడ్డున కొబ్బరిచెట్లు కనుమరుగైపోయాయి.

"బాబాయ్! రేవు అటు కదా?"

అప్పటికే పవాంగ్ తాడు ముడి విప్పుతున్నాడు.

"కొత్త చట్టమమ్మా. నా పడవ లాక్కుంటారు. మీ దాంట్లో బియ్యం, డీజిల్ పెట్టించాను. ఎటైనా పోండి, అల్లా చూసుకుంటాడు."

"అల్లా సంగతి తర్వాత! నువ్వు చెప్తేనే కదా ఎక్కాం? వీళ్ళందర్నీ నేనే కదా ఎక్కించాను! నా నోటితో అబద్ధం చెప్పించావు కదా బాబాయ్!"

తాడు నీళ్ళలో పడింది. పవాంగ్ పడవ ఒడ్డుకేసి తిరిగింది. ముసలమ్మ తన కొంగు తీసి, ఎండ తగలకుండా రొఫికా నెత్తిన కప్పింది. తిట్టినా బాగుండేది. రొఫికా కుడిచేతిని గుండెలకేసి లాక్కుంది.

అంత దూరాన పవాంగ్ పడవ ఆగింది. ఇంజను రొద పెడుతూనే ఉంది, పొగ కక్కుతూనే ఉంది, పడవ మాత్రం వెనక్కి రావడం మొదలెట్టింది. ఆమె చెయ్యి ఇంకా ముడిచింది. ఆ పడవ వెనకెనక్కే వచ్చి, వీళ్ళ పడవకి ఠప్పున గుద్దుకుంది.

"వదులమ్మా, చెయ్యి ఊడిపోతోంది! ఇంటి దగ్గర నాకు పిల్లలున్నారు!"

"ఇక్కడా ఉన్నారు. అయినా నేను కట్టానా? కట్టింది మీరు."

పవాంగ్ ఒడ్డుకేసి చూశాడు. తనొక్కడే అక్కడికి చేరడం ఇక జరిగేపని కాదని అర్థమైంది. ఇంజను ఆపి, నీళ్ళలోంచి తాడు తీసి, వాళ్ళ పడవకి మళ్ళీ కట్టసాగాడు.

"ఒడ్డున జవాన్లుంటారే. వాళ్ళకేం చెప్పమంటావ్?"

"అబద్ధాలు మీకు బాగానే వచ్చు కదా పవాంగ్ గారూ, ఏదో ఒకటి చెప్పండి," అంది రొఫికా. "ముడి మాత్రం గట్టిగా వెయ్యండి."