బేబీ వెనకాల మబ్బు

లాల్‌దర్వాజాలో రవీందర్ ఫోటో స్టూడియోకి వచ్చే గిరాకీ రెండు రకాలు. పాస్‌పోర్టు ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు. పోయినవాళ్లకు ఒక పద్ధతుంది. ఇంటివాళ్లు ఏ పెళ్లిలోనో దిగిన ఫోటో తెస్తారు. అందులోంచి మనిషిని కత్తిరించి, వెనకాల ఆకాశం పెట్టి, ఫ్రేము కట్టి ఇవ్వాలి. మిగతా స్టూడియోలవాళ్లు కంప్యూటర్లో దొరికే మబ్బునే అందరికీ అతికిస్తారు. రవీందర్ అట్లా కాదు. ముప్పై ఏళ్లుగా మిద్దె ఎక్కి మబ్బులు తానే తీస్తున్నాడు. ఏ మొహానికి ఏ మబ్బు నప్పుతుందో చూసి మరీ పెడతాడు.

ఈ ఏడు ఆ మబ్బులకు మంచిరోజులొచ్చాయి. ఊరికి అవతల, డబ్బున్నవాళ్లుండే చోట ఫోటోల ప్రదర్శన పెట్టే స్రవ్య అనే అమ్మాయి పన్నెండు మబ్బుల్ని ఎంచుకుంది. ఒకదాన్ని పిలుపు కార్డు మీదే వేయించింది. కింద నల్లగా, నడుమ రాగిరంగులో, పైన కోటబురుజులా లేచిన మబ్బు అది.

"అంకుల్, ప్రతి ఫోటో కింద తేదీ, టైమ్ రాయాలి. పంపించండి" అని ఫోన్ చేసింది.

రవీందర్ కంప్యూటర్ తెరిచి చూశాడు. కార్డు మీది మబ్బు ఐదేళ్ల కిందటిది. దసరా ముందర మంగళవారం, సాయంత్రం ఐదూ పది.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ మంగళవారం రాత్రి కురిసిన వానకు నాలా పొంగింది. వెనకగల్లీలో అద్దెకుండే డానియేలు ఇంట్లోకి నీళ్లు చొరబడ్డాయి. డానియేలు బస్సు డిపోలో మెకానిక్, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాడు. నీళ్ల బరువుకు తలుపు తెరుచుకోలేదు. అతని భార్య బేబీ లోపలే పోయింది. వారం తర్వాత అతను ఫోటో తెస్తే, రవీందర్ ఆ పిల్ల మీది ప్రేమకొద్దీ తన దగ్గరున్న వాటన్నిట్లోకీ అందమైన మబ్బు వెతికి పెట్టాడు. అది ఏనాటిదో చూడలేదు. కొత్తది, బాగుంది, అంతే. బేబీని ముంచిన మబ్బునే ఆమె వెనకాల నిలబెట్టాడు. ఐదేళ్లుగా డానియేలు దాని ముందే కొవ్వొత్తి వెలిగిస్తున్నాడు.

సంగతి విని భార్య సుశీల గొంతు తగ్గించింది. "ఐదేండ్లు తెల్వనిది ఇప్పుడెట్ల తెలుస్తది? తేదీ మార్చి రాయి. నీ నోరు ఊకుంటే సాలు."

ఊకుందామనే అనుకున్నాడు. కానీ మర్నాడు పొద్దున్నే డానియేలే వచ్చాడు.

"అన్నా, ఆదివారం బేబీకి జ్ఞాపకార్థ కూటం వెట్టిన. ఫోటో జర పెద్దగ జేసియ్యి. మబ్బు మాత్రం గదే ఉండాలె. మా పాస్టరు ఏమంటడెరికేనా? బేబీ పరలోకం గడపల నిలవడ్డట్టుందంటడు."

సుశీల చాయ్ తెచ్చిపెట్టి, మొగుడి వంక ఒక చూపు చూసి లోపలికి పోయింది. రవీందర్ తల వంచుకున్నాడు.

"డానియేలు, ఆ మబ్బు వద్దు తమ్మీ."

"ఎందుకన్నా?"

"అది గా దినం తీసిందే. వాన వడకముందు. నేను జూసుకోలే."

డానియేలు చేతిలో కప్పు కింద పెట్టాడు. బల్ల మీదున్న ప్రదర్శన పిలుపు కార్డును దగ్గరికి లాక్కున్నాడు.

"గప్పుడు నువ్వు మిద్దె మీదున్నవా?"

"ఉన్న."

"పెద్ద వానొస్తదని నీకెరికైందా?"

అబద్ధం చెప్పొచ్చు. రవీందర్ నోటికి అబద్ధం రాలేదు. "ఎరికైంది. వానొస్తే రానియ్యి, ఫోటో మస్తుగొస్తదనుకున్న."

డానియేలు కార్డు తిరగేసి పెట్టాడు. "గీడ గూడ అదే వెట్టినవు" అన్నాడు. ఆ తర్వాత, "వేరేది జూపియ్యి. అసల్ మబ్బు లేంది."

రవీందర్ వెతికాడు. ఎండాకాలంవి తెరిచాడు, చలికాలంవి తెరిచాడు. దూదిపింజల్లాంటివి, చేపపొలుసుల్లాంటివి, అన్నీ మబ్బులే. ముప్పై ఏళ్లలో ఒక్క వట్టి ఆకాశం లేదు.

"ఎన్నడు తియ్యలే" అన్నాడు సిగ్గుగా. "ఖాళీగున్నప్పుడు ఏం తీస్తమని దిగి వచ్చేటోణ్ణి."

తెల్ల రంగు పెట్టి చూపించాడు. డానియేలు తల అడ్డంగా ఊపాడు.

"ఆధార్ కార్డు లెక్కుంది. ఆదివారం లోపల వట్టి ఆకాశం తీసియ్యి." చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

రవీందర్ స్రవ్యకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, కార్డు మీదిది తీసెయ్యాలె."

"అంకుల్, జనం వచ్చేదే దాన్ని చూడ్డానికి. అది లేకపోతే ప్రదర్శనలో మీ గోడే లేదు."

"లేకుంటే లేదు తియ్యి."

సాయంత్రానికి పన్నెండు ఫోటోలూ అట్టల్లో చుట్టుకుని ఆటోలో వాపసొచ్చాయి. సుశీల వాటిని మంచం కిందికి తోసింది.

గురువారం ముసురు. శుక్రవారం ముసురు. రవీందర్ గంటకోసారి మిద్దె ఎక్కి దిగాడు. జన్మలో మొదటిసారి మబ్బుల్ని చూస్తే ఆయనకు కోపం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం తెరిపిచ్చి ఆకాశం ఖాళీ అయింది. డానియేలుకు ఫోన్ చేస్తే డిపో బట్టల్లోనే వచ్చి, నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నాడు. రవీందర్ కెమెరా పైకెత్తాడు. ఫోకస్ పట్టుకోవడానికి ఏమీ లేక లెన్సు ముందుకీ వెనక్కీ ఆడుతూనే ఉంది, నొక్కితే పడలేదు. ఆయన ఆటో ఫోకస్ ఆపి లెన్సును చేత్తో తిప్పుకున్నాడు.

"ఆగు" అన్నాడు డానియేలు.

బహదూర్‌పురా వైపు నుంచి తెల్లటి పీలిక ఒకటి పైకొస్తోంది. గోరంత ఉంది. కెమెరాలో అది పడేది కూడా కాదు.

"అది ఫోటోల రాదు తమ్మీ, పక్కకుంది."

"పోనియ్యన్నా. మొత్తం పోనియ్యి."

రవీందర్ కెమెరా దించి అతని పక్కన కూర్చోబోయి, ఒక మూర దూరంలోనే ఆగి కూర్చున్నాడు. పీలిక కదలలేదు. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉన్నారు.