చిటికె మేస్త్రి ఇంటి రేకు

పనిలో అందరూ అతన్ని చిటికె మేస్త్రి అంటారు. రేకు మందం వేలితో తడిమి, కింది ఇనుము మందం కంటితో చూసి, దానికి ఏ స్క్రూ వెయ్యాలో చిటికె వేసినంత సేపట్లో చెప్పేస్తాడని ఆ పేరు. గోదాముల కప్పులు, కార్ఖానా గోడలు, గాలి గొట్టాలు, ఎక్కడ రేకును ఇనుముకు బిగించాలన్నా అతని చెయ్యి డబ్బాలోకి వెళ్లి సరైనదాన్నే పట్టుకుని బయటికొస్తుంది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని కొందరిని గురించి చెబుతారు. ఇతని విషయంలో ఆ సామెతను తిరగేసుకోవాలి.

ఆ ఆదివారం పొద్దున అతని వంటింటి బల్ల మీద స్క్రూలు బారులు తీరి ఉన్నాయి. అన్నీ తమ కన్నం తామే తొలుచుకునే రకం. పొట్టి మొనవి, పొడుగు మొనవి, రబ్బరు వాషరు ఉన్నవి, లేనివి, ఆరు పలకల తలవి, చదును తలవి. కాఫీ గ్లాసు పెట్టడానికి చోటు దొరక్క భార్య దాన్ని చేత్తోనే పట్టుకుని నిలబడింది.

"నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇన్ని మీనమేషాలు లెక్కపెట్టలేదు మీరు," అంది.

"అప్పుడు వాన భయం లేదు."

"తర్వాత కురిసింది కదా," అని గ్లాసు అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

పెరటి వైపు వసారాలో ఆమె కుట్టు మిషను ఉంది. వసారా మీది రేకులు గాలి వీస్తే గడగడలాడతాయి. ఇప్పటికి చాలాసార్లు బిగించాడు, చాలాసార్లు వదులయ్యాయి. కిందటి వారం అన్నం వడ్డిస్తూ, ఏదో పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పేసింది: "అన్నయ్య కొట్టు ముందు గది ఖాళీగా ఉందట. మిషను అక్కడికి మార్చేస్తాను." అతను ఒక్క ఆదివారం గడువు అడిగాడు. పాత రేకులు పీకేసి కొత్తవి వేస్తానన్నాడు. సరే, చూద్దాం అంది.

పోయేది మిషనే, మనిషి కాదు. రాత్రికి తిరిగొస్తుంది. ఆ మాట తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. కానీ మధ్యాహ్నం పని ముగించుకుని వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపలి నుంచి వినబడే మిషను చప్పుడే అతనికి ఇల్లు. అది లేని మధ్యాహ్నాన్ని ఊహించుకుంటే, తాళం వేసిన తలుపు ముందు తాళంచెవి లేకుండా నిలబడ్డట్టు ఉంటుంది.

బయటివాళ్ల కప్పు కింద అతను కాపురం చెయ్యడు. అక్కడ స్క్రూ వేసి, సామాను సర్దుకుని వచ్చేస్తాడు. తన తప్పు కింద తనే అన్నం తినాల్సి వచ్చేది ఈ ఒక్క ఇంట్లోనే. అందుకే ఇక్కడ చెయ్యి డబ్బాలో పడి దారి తప్పుతుంది.

చివరికి పొట్టి మొనవి తీశాడు. కొత్త రేకు పలచన, కింద దాన్ని మోసే ఇనుప చానలూ పలచనే. రెండూ కలిపినా మొన పొడవుకు లోపే. వాన పడే చోటు కాబట్టి రబ్బరు వాషరు ఉన్నవి. ఎంపిక సరైనదే. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నిచ్చెన ఎక్కబోతూ వెనక్కి వచ్చి, చప్పుడు అసలే రాకూడదని, పాత రేకులు పీకేసిన చానళ్ల మీద పొడుగునా మందపాటి రబ్బరు పట్టీ అంటించాడు.

ఆమె అన్నయ్య బండి వేసుకుని వచ్చాడు. వరసకు బావమరిదే గానీ వయసులో పెద్దవాడు, ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. బండిలో తాళ్లు, పాత దుప్పటి కూడా ఉన్నాయి.

"దుప్పటి ఎందుకు బావా?" అన్నాడు మేస్త్రి.

"మిషనుకు గీతలు పడకుండా. నీ పని మీద నమ్మకం లేక కాదులే."

"నమ్మకం ఉన్నవాడు ఖాళీ చేతులతో వస్తాడు."

"మా చెల్లెల్ని ఇచ్చినప్పుడు ఖాళీ చేతులతోనే వెళ్లాం, అప్పటి నుంచి జాగ్రత్త పడుతున్నా," అని నవ్వుతూ నిచ్చెన పట్టుకున్నాడు.

రేకు పైకెక్కింది. మేస్త్రి మొదటి స్క్రూ పెట్టి డ్రిల్ మెషీను నొక్కాడు. మొన రేకును దాటింది, రబ్బరులో దిగింది, చానల్ని తొలవడం మొదలుపెట్టింది. అంతలో రేకు మెల్లగా పైకి లేచింది. ఇంకాస్త నొక్కాడు. స్క్రూ కిందికి దిగాల్సింది పోయి, రేకే దాని మరలు పట్టుకుని పైకి పాకుతోంది.

కింద నుంచి బావమరిది తల పైకెత్తి చూశాడు. "ఇదేంటి బావా, రేకు చెట్టెక్కుతోంది?"

మేస్త్రి మెషీను ఆపాడు. తప్పు ఏమిటో చెయ్యి ఆపక ముందే తెలిసింది. పనిలో కొత్తగా చేరినవాడు చేస్తే నవ్వేవాడు.

"మొన మొత్తం దాటాకే మరలు అందుకోవాలి," అన్నాడు కిందికి చూడకుండా. "ఇక్కడ మొన ఇంకా ఇనుములో ఉండగానే మరలు పై రేకును పట్టేసుకున్నాయి. రబ్బరు మందం లెక్కలో వేసుకోలేదు."

"నువ్వా? బయట ఎప్పుడైనా ఇలా చేశావా?"

"బయట ఇంత రబ్బరు వెయ్యను."

భార్య ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. "మరి ఇక్కడెందుకు వేశారు?"

"నీకు చప్పుడు వినబడకూడదని."

"చప్పుడని నేనెప్పుడన్నాను?"

"వెళ్లిపోతానన్నావుగా."

"వెళ్తానన్నాను. చప్పుడు వల్ల అనలేదు. మిషనే బోలెడంత చప్పుడు చేస్తుంది, దాని ముందు రేకెంత? రేకు గడగడలాడినప్పుడల్లా మీరు నా మొహంలోకి చూస్తారే, అదీ నా వల్ల కానిది. తిడతానేమో అని చూస్తారు. నాకు తిట్టాలని లేకపోయినా, ఆ చూపు చూస్తే తిట్టాలనిపిస్తుంది. సూది ఎటు పోతోందో చూసుకోనా, మీ మొహం చూసుకోనా?"

బావమరిది నిచ్చెన పట్టుకునే, పెరటి గోడను మహా శ్రద్ధగా పరిశీలించసాగాడు.

మేస్త్రి అబద్ధమని కొట్టిపారేయాలనుకున్నాడు. కానీ కిందటి గాలి రోజు గుర్తొచ్చింది. రేకు ఒక్కసారి కదిలింది, అతని మెడ దానంతటదే ఆమె వైపు తిరిగింది. ఆమె దారం తెంపి, మళ్లీ ఎక్కించుకుంది. తప్పు చేసినవాడు శిక్ష కోసం చూస్తాడు. శిక్ష ఆలస్యమైతే దాన్ని తనే అడుక్కుంటాడు. ఇన్నాళ్లూ అతను ఆమెను ఆ శిక్షే అడుక్కుంటూ వచ్చాడు.

నిచ్చెన దిగాడు. వంటింట్లోకి వెళ్లి బల్ల ముందు నిలబడ్డాడు. పలచని రబ్బరు పట్టీ ఒకటి చుట్టగా ఉంది. తీసుకున్నాడు. రేకు, పలచని రబ్బరు, చానల్. పొడుగు మొన. చెయ్యి వెళ్లి పట్టుకొచ్చింది. మందపాటి పట్టీలు పీకేసి పలచనివి అంటించాడు. ఈసారి మొన దాటింది, మరలు చానల్ని పట్టాయి, రేకు ఒద్దికగా అణిగింది. వాషరు కింది రబ్బరు అంచు కొంచెం ఉబ్బగానే ఆపేశాడు. ముందు పడ్డ కన్నాన్ని మైనంలాంటి ముద్దతో పూడ్చి, పక్కనే ఇంకొకటి దించాడు.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. ఆమె మిషను మీద ఎవరిదో జాకెట్టు చెయ్యి అతుకుతోంది. బావమరిది కాళ్లు చాపుకుని, మిషను రాదు కాబట్టి కొట్టు ముందు గదిలో ఇక కుర్చీలు వేసుకుంటానని, అద్దెకిస్తానని, రెండు రకాలుగానూ చెబుతున్నాడు.

పై మూల రేకు సన్నగా బుర్రుమంది. మూలన ఒక స్క్రూ తక్కువైంది.

మేస్త్రి మెడ కదిలింది. దాన్ని సగంలో పట్టుకుని, నేల వైపు తిప్పుకున్నాడు. కష్టంగానే ఉంది. మిషను ఆగలేదు. నేలనే చూస్తూ అడిగాడు.

"మూలన ఇంకొకటి వెయ్యనా?"

"వేసుకోండి," అంది ఆమె, బట్ట జరుపుకుంటూ. "వెయ్యకపోయినా సరే. నన్నడక్కండి."

అతను లేచి నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.