రంగం పుస్తకాలు

నోవాక్ వస్తున్నాడని చక్రపాణి పొద్దున్నే గడ్డం గీయించుకున్నాడు. స్ట్రోక్ వచ్చాక ఆయన కుడి చెయ్యి పనిచెయ్యడం మానేసింది. ఆ పనీ భార్య కృష్ణకుమారిదే అయింది.

"కుడి దవడ కింద ఇంకా ఉంది," అన్నాడు అద్దంలో చూసుకుని.

"పెళ్ళిచూపులా ఏంటండీ?"

"అప్పుడు నిన్ను చూడ్డానికి నేనొచ్చాను. ఇప్పుడు నన్ను చూడ్డానికి వస్తున్నారు."

చూసేది ఆయన్ని కాదు, ఆయన పుస్తకాలని. నేపర్‌విల్ ఇల్లు అమ్ముడైపోయింది. నెలాఖరుకి ఖాళీ చేసి షామ్‌బర్గ్‌లో కూతురు హాసిని ఇంటికి వెళ్ళాలి. అక్కడ వీళ్ళకి కింది గది ఒకటి ఉంది. మంచం, వీల్‌చెయిర్ పడితే అందులో ఇక కాలు పెట్టే చోటుండదు. ఇక్కడ బేస్‌మెంట్ నిండా బర్మా చరిత్రే.

శ్రీకాకుళం వైపు పాతవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. చక్రపాణి తాత రంగం రేవులో బస్తాలు మోశాడు. పంతొమ్మిది వందల ముప్ఫైలో రేవు కూలీల మీద జరిగిన అల్లర్లలో పోయాడు. జపాన్ సైన్యం వచ్చినప్పుడు నాయనమ్మ కొడుకుని వెంటబెట్టుకుని అరకాన్ కొండల దారిన ఇండియా వైపు నడిచి బయల్దేరింది. దారిలోనే పోయింది. పన్నెండేళ్ళ కొడుకు ఆమెని అక్కడే వదిలి మిగతావాళ్ళ వెనక నడిచాడు. ఆ కొడుకే చక్రపాణి తండ్రి.

ఈ దేశానికి వచ్చి ఉద్యోగంలో కుదురుకున్నప్పటినుంచీ చక్రపాణి ఆ తాతనీ నాయనమ్మనీ పుస్తకాల్లో వెతుకుతున్నాడు. దొరల జ్ఞాపకాలు, కూలీల మీద ప్రభుత్వం వేసిన కమిటీల రిపోర్టులు, రేవు ఫొటోల ఆల్బమ్‌లు అన్నీ పాతవి. విశ్వవిద్యాలయాల వాళ్ళు వేసిన చరిత్రలు కొత్తవి. పాతవాటిలో చాలావరకు చికాగోలో నోవాక్ పాతపుస్తకాల దుకాణం నుంచి వచ్చినవే. ఇప్పుడు ఆ నోవాకే ఒక కాలేజీ లైబ్రరీతో మాట్లాడి పెట్టాడు. పుస్తకాలు బాగుంటే అన్నీ తీసుకుని ఒకే అలమారలో పెడతారు.

"నా పేరు పెట్టకపోయినా పరవాలేదు. చెదిరిపోకుండా ఒక్కచోట ఉంటే చాలు," అని ఈ నెలంతా చక్రపాణి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ అన్నాడు. మందులిచ్చే నర్సుతో కూడా.

నోవాక్ పదకొండింటికి వచ్చాడు. బాగా ముసలివాడు. ముందు సింక్ దగ్గర చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. హాసిని పైకి తెచ్చిన పెట్టెలు డైనింగ్ టేబుల్ మీద ఉన్నాయి. కొత్త పుస్తకాలు త్వరత్వరగా చూసి పక్కన పెట్టాడు.

"ఇవి లైబ్రరీలో ఉన్నాయి. వాళ్ళకి కావలసినవి ఆ పాతవి."

పాత రిపోర్టు ఒకటి తీశాడు. మధ్యలో తెరుచుకుంది. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. పేజీ పైభాగాన పచ్చటి మరక, దాని నడుమ ఎర్రటి చుక్క. ఎదుటి పేజీ దానికి అంటుకుని సగం ఊడింది. చుట్టూ సన్నటి బూడిద రంగు చుక్కలు. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. మరొకటి తీసి మరకని వేలితో తడిమాడు.

"ఇదేమిటి?" అని అడిగాడు చివరికి.

"టర్మరిక్," అంది హాసిని. "అండ్ కుంకుమ్."

కృష్ణకుమారి గ్యాస్ స్టవ్ ఆర్పేసింది.

మామగారు ఇక్కడికొచ్చిన మొదటి ఏడు, పెద్దల అమావాస్యనాడు, బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని అడిగారు. "మా అయ్యకీ అమ్మకీ ఫొటో నేదమ్మా. తిథీ నేదు. ఈడు ఆళ్ళ గురించే కదా ఈ పుస్తకాలన్నీ కొంటన్నాడు. ఆటికే బొట్టెట్టమ్మా." రేవు అల్లర్లు ఉన్నచోట, కొండల దారి ఉన్నచోట చక్రపాణి కాగితం ముక్కలు పెట్టుకునేవాడు. కృష్ణకుమారి ఏటా ఆ పేజీలే తెరిచి బొట్టు పెట్టేది. పొడిగా పెడితే రాలిపోతోందని తడి పసుపులో నూనె చుక్క కలిపింది. మామగారు పోయాక కూడా మానలేదు. చక్రపాణి చూసేవాడు, తండ్రి అడిగిన పని కాబట్టి ఏమీ అనేవాడు కాదు. పుస్తకాలు ఇల్లు దాటి వెళ్ళాల్సి వస్తుందని అప్పుడెవరికి తెలుసు?

"బూజు పట్టింది," అన్నాడు నోవాక్ చక్రపాణికేసి తిరిగి. "వీటిని లైబ్రరీలో పెడితే పక్కవాటికి పాకుతుంది. వాళ్ళు గుమ్మం కూడా దాటనివ్వరు. ఇది నేనే మీకు అమ్మాను. అప్పుడు శుభ్రంగా ఉంది."

"ఆ పేజీలు కట్ చేసేస్తే?" అని అడిగింది హాసిని.

"కావలసినవి ఆ పేజీలేనమ్మా."

బొట్టు పడని పాతవి ఒక చిన్న పెట్టెకి సరిపోయాయి. అవి బర్మా చెట్ల మీద, పక్షుల మీద ఉన్నవి. నోవాక్ వాటిని తీసుకున్నాడు. చక్రపాణి ఎడమచెయ్యి చాచాడు.

"భోంచేసి వెళ్ళండి," అన్నాడు. నోవాక్ ఉండలేదు.

ఆ తరవాత చక్రపాణి అన్నం తిన్నాడు. పప్పులో ఉప్పు చాల్లేదని కూడా అన్నాడు.  

హాసిని ఫోన్లు చేసి వచ్చింది. "మామ్, కొత్తవి ఊళ్ళో లైబ్రరీ సేల్ వాళ్ళు తీసుకుంటారు. మోల్డ్ ఉన్నవి నోబడీ వాంట్స్. జంక్ వాళ్ళని పిలుస్తా, వాళ్ళే తీసుకెళ్ళి పడేస్తారు."

"వాళ్ళు బూట్లతో తొక్కుతారే. రీసైక్లింగ్‌లో వెయ్యకూడదా?"

"హార్డ్ కవర్స్ తీసెయ్యాలి. అన్నీ నువ్వు తియ్యలేవు మామ్."

"నేనే తీస్తాను. పాడుచేసింది నేనేగా."

గరాజ్‌లో పీట వేసుకుని కూర్చుంది. మొదటి పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. అట్ట పట్టుకుని లాగితే దారాలు టపటపా తెగాయి. రెండోదీ కళ్ళకద్దుకుంది. కొన్నయ్యాక అద్దుకోవడం మర్చిపోయింది. బొట్టు పెట్టిన పేజీల్ని మాత్రం చింపి పక్కన పేరుస్తోంది.

చక్రపాణి వీల్‌చెయిర్ తోసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అవెందుకు తీస్తున్నావు కుమారీ?"

"మావయ్యగారి అమ్మానాన్నలు ఉన్న పేజీలు కదండీ. ఇవైనా తీసుకెళ్దాం. చిన్న కట్ట అవుతుంది, మంచం కింద పడుతుంది."



"అందులో వాళ్ళు లేరు."

"మీరు కాగితం ముక్క పెట్టిన చోటే పెట్టానండీ."

"కూలీలు ఇంతమంది పోయారని అంకె ఉంటుంది. ఒక్కో పుస్తకంలో ఒక్కో అంకె. పేరు ఎక్కడా లేదు. తాతదీ లేదు, నాయనమ్మదీ లేదు. అన్నీ ఒకచోట ఉంటే, నా తరవాత ఇంకెవరికైనా దొరుకుతుందేమో అనుకున్నాను."

కృష్ణకుమారికి ఇంగ్లీషు పుస్తకాలు చదివే అలవాటు లేదు. ఇన్నేళ్ళూ పసుపు పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నప్పుడు, బొట్టు కింద ఎక్కడో వాళ్ళ పేర్లున్నాయనే అనుకుంది. 

"మావయ్యగారికి తెలుసా?"

"అడిగేవాడు. ఉన్నాయి నాన్నా అని చెప్పాను."

ఆమె పేర్చిన కాగితాలు తీసి రీసైక్లింగ్ నీలం డబ్బాలో వేసింది. అంచున అంటుకున్న పసుపు గోళ్ళకి రాలింది. వచ్చే శనివారమే పెద్దల అమావాస్య.

"ఈసారి దేనికి పెట్టనండీ?"

ఆయన వీల్‌చెయిర్ ముందుకి జరుపుకున్నాడు. వంగి, దగ్గర్లో ఉన్న లావు రిపోర్టు ఒకటి ఎడమచేత్తో అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అట్ట పట్టుకుని లాగాడు. ఒక్క చేత్తో రాలేదు. మోకాళ్ళ మధ్య బిగించి మళ్ళీ లాగాడు.

కృష్ణకుమారి పీట మీంచి లేచి వచ్చి రెండో అట్ట పట్టుకుంది.