పులుసు దాకలో పాలు

నేను ఒక దాకను, వెడల్పు మూతి మట్టిపాత్రను. ఎందాకా అని అడక్కండి. పొయ్యి దాకా, పొయ్యి నుంచి పళ్ళెం దాకా, అంతే నా దేశాటనం. ఉప్పాడ దగ్గర ఒక కుమ్మరి నన్ను సారె మీద తిప్పి, ఆవంలో కాల్చాడు. తాయారు అత్తగారు నన్ను కొని, గంజి కాచి గట్టిపరిచి, చేపల పులుసుకు అంకితం చేసింది. ఆవిడ పోయాక కోడలు తాయారుకు దక్కాను. ఇన్నేళ్ళ చింతపండు నా ఒంట్లోకి ఇంకిపోయింది. కడిగితే పోయిందనుకుంటారు మనుషులు. మట్టి మరిచిపోదు.

తాయారు మొగుడు తాతారావు ఓడలో వంటవాడు. ఏడాదికోసారి ఇంటికొస్తాడు. ఈసారి బీచి రోడ్డులో హోటలు పెడుతున్న సోమరాజుగారు, "నీ వంట నచ్చితే ఇక్కడే ఉండిపో" అన్నారు. నచ్చకపోతే వచ్చే వారం మళ్ళీ ఓడే. ఆయనకు పెట్టబోయేది చౌడరట: పండుగప్ప ముక్కలు, బంగాళదుంపలు, ఉల్లిపాయ, మిరియాలు, పాలు.

"సౌడరేటి మావా, సౌడు మట్టిలాగ? అయినా చేపలో పాలేటి? బొల్లొత్తాది!" అంది తాయారు.

"ఓడలో దొరలందరూ తింటారే. ఒక్కడికీ రాలేదు."

"ఆళ్ళు పుట్టుకతోనే తెల్లోళ్ళు. వచ్చినా తెలుత్తాదేటి?"

హోటల్లో మట్టిపాత్రల్లోనే వడ్డిస్తారట, ఫ్యాషను. అందుకని తాతారావు స్టీలు గిన్నె వదిలేసి నన్ను గూట్లోంచి దింపి పొయ్యి ఎక్కించాడు. నా ఒళ్ళంతా పులుపు. పాలు పడితే ఏమవుతుందో నాకు తెలుసు. చెబుదామంటే ఇంత నోరుంది గానీ మాట లేదు. వెన్నలో ఉల్లి వేగింది, దుంప ఉడికింది, చేప పడింది. గరిటె పెడితే ముక్క చెదురుతుందని గుడ్డతో నా అంచులు పట్టి మెల్లగా తిప్పాడు. నాకేమీ పాలుపోలేదు. అతను మాత్రం పాలు పోసేశాడు.

విరిగాయి. అప్పుడే వాకిట్లో సోమరాజుగారి మోటారుసైకిలు ఆగింది.

నీళ్ళలో తేలుతున్న తెల్లటి తరకలు చూసి, "అయిపోయింది తాయారూ" అంటూ తాతారావు పొయ్యి ముందే కూలబడ్డాడు. తాయారు నన్నెత్తుకెళ్ళి సోమరాజుగారి ముందు దింపి, వడ్డించింది. ఆయన చెయ్యి పళ్ళెం దగ్గర ఆగిపోయింది. అది చూసి, బొల్లి పేరెత్తితేనే హడలిపోయే తాయారు గరిటెడు అరచేతిలో ఒంపుకుని గుటుక్కున మింగేసింది.

"మా ఇంట్లో ఇలాగే తింటామండి."

సోమరాజుగారు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. కింద నిప్పు లేకపోయినా నేను ఉడికిపోతూనే ఉన్నాను.

"పాలు విరిగినాయమ్మా," అన్నారు. "ముక్క మాత్రం చెదరలేదు. పాలు మళ్ళీ కొనుక్కోవచ్చు, చెయ్యి కొనుక్కోలేం. రేపొచ్చెయ్ తాతారావూ. ఆ దాక మాత్రం తేకు."

పాల కంపు వదలక నన్ను పెరట్లో పడేశారు. కోళ్ళు నాలో నీళ్ళు తాగుతాయి. బాధ లేదు. ఏడాదికోసారి వచ్చే మొగుడితో పోట్లాడ్డానికి తాయారుకు ఎప్పుడూ తీరిక చిక్కేది కాదు. ఇప్పుడు రోజూ సాయంత్రం చెప్పుల చప్పుడు వినబడగానే మొదలెడుతుంది:

"హోటల్లోనే తినేసొచ్చేవా? మరి నేనెవరికొండేను? కాళ్ళు కడుక్కో, రా!"